అమెరికా కోర్టు సుంకం కొట్టేసింది సరే, మా రొయ్యల గుంట గట్టు మీద కోసిన రేటు సంగతేంటి?

సంపాదకులు గారికి,

ట్రంప్ సుంకాలు చెల్లవని అమెరికా సుప్రీంకోర్టు 2026 ఫిబ్రవరి 20న ఇచ్చిన తీర్పును మీ పత్రిక మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో వేసింది. లోపల బంగారం ఏమవుతుంది, షేర్లు ఏమవుతాయి, సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఏమంటున్నాయి అని చాలానే రాశారు. చివర్లో ఆక్వా రైతుకు ఊరట అని నాలుగు లైన్లు. ఆ ఊరట ఎవరి చేతుల మీదుగా, ఎప్పటికి మా విడవలూరు మండలం దాకా వస్తుందో అడుగుదామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను నెల్లూరు కోర్టుల్లో గుమస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ఇప్పుడు మా బావమరిదితో కలిసి లీజు గుంటల్లో వనామీ రకం రొయ్యల సాగు చేస్తున్నాను. ఆ తీర్పు వచ్చిన మర్నాడు పొద్దున్నే అతను పేపరు పట్టుకుని ఇంటికొచ్చి, "బావా, కోర్టు కొట్టేసిందంట గదా, మరి మన దగ్గర పట్టుకున్నది మనకి ఎప్పుడేస్తారు?" అన్నాడు. చదువుకున్నవాళ్ళంతా రాజ్యాంగం గురించి మాట్లాడుతుంటే అసలు ప్రశ్న అతనే వేశాడు. ఈ నాలుగు దశాబ్దాల్లో ఏ తీర్పు చూసినా ముందు చివరి పేజీకే వెళ్ళడం నాకు అలవాటు: ఎవరు ఎవరికి ఎంత కట్టాలి అనేది అక్కడుంటుంది. ఈ తీర్పులో ఆ మాట లేదు. వసూలు చేసింది వాపసు ఇవ్వాలా, ఎలా ఇవ్వాలి అన్నది మెజారిటీ జడ్జీలు అసలు ముట్టుకోలేదు.

ముందు కేసు గురించి రెండు ముక్కలు. పన్నులు, సుంకాలు వేసే అధికారం అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణం ఎనిమిదో సెక్షన్‌లో కాంగ్రెస్‌కి ఇచ్చారు. మనకి 265వ అధికరణం ఉన్నట్టే, చట్టం లేకుండా పన్ను లేదు. ట్రంప్ మాత్రం 1977 నాటి ఎమర్జెన్సీ చట్టాన్ని ఒకదాన్ని పట్టుకున్నాడు. శత్రుదేశాల ఆస్తులు స్తంభింపజేయడానికి, వ్యాపారం ఆపడానికి వాడుకునే చట్టం అది. వచ్చి దాదాపు యాభై ఏళ్ళయినా ఏ అధ్యక్షుడూ దాంతో సుంకం వెయ్యలేదు. తొమ్మిది మందిలో ఆరుగురు జడ్జీలు ఆ చట్టం సుంకాలకు పనికిరాదన్నారు. తీర్పు రాసింది చీఫ్ జస్టిస్ రాబర్ట్స్. ఆ ఆరుగురిలో గోర్సచ్, బారెట్ స్వయంగా ట్రంప్ వేసిన జడ్జీలే. థామస్, అలీటో, కావనా ఒప్పుకోలేదు.

దావా వేసినవాళ్ళు పెద్ద కంపెనీలేం కాదు. న్యూయార్కులో వైన్ దిగుమతి చేసుకునే ఒక చిన్న వ్యాపారి, ఇలినాయ్‌లో పిల్లల చదువు బొమ్మలు చేసే కంపెనీ, చేపల గాలాలు అమ్మే ఇంకో కంపెనీ, ఇలాంటివాళ్ళు. పన్నెండు రాష్ట్రాలు కూడా కలిశాయి. బొమ్మల కంపెనీ దావా వేరే కోర్టులో నడిచింది. మిగతావాళ్ళు 2025 ఏప్రిల్‌లో వేస్తే మే 28కల్లా అంతర్జాతీయ వాణిజ్య న్యాయస్థానం చెల్లవని తేల్చింది. ఆగస్టు 29న అప్పీలు కోర్టు ఏడుగురు నలుగురుగా చీలి అదే మాట చెప్పింది. నవంబరు 5న సుప్రీంకోర్టులో వాదనలు, ఫిబ్రవరిలో తీర్పు. వ్యాపారుల తరఫున వాదించిన నీల్ కత్యాల్ తల్లిదండ్రులు మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళు. ఏడాది తిరక్కుండా మూడు కోర్టులు! మన దగ్గర ఆ టైముకి వకాలత్ పడి, కౌంటరుకి వాయిదాలు నడుస్తుంటాయి. నా సర్వీసంతా వాయిదాల రిజిస్టరు రాసినవాణ్ణి, ఈ వేగం చూస్తే కొంచెం కుళ్ళు పుట్టింది.

కానీ తేదీలు ఇంకోసారి చూడండి. మొదటి కోర్టు చెల్లదన్నది మే 28న. మన దేశం మీద 25 శాతం పడింది ఆగస్టు 7న. రష్యా ఆయిలు కొంటున్నామని ఇంకో 25 పడింది ఆగస్టు 27న. అది పడిన రెండు రోజులకే, 29న, అప్పీలు కోర్టు కూడా చెల్లదంది. అంటే ఒక కోర్టు ఈ అధికారమే లేదని చెప్పాక, పైకోర్టులో స్టే ఉన్న ధైర్యంతో, అదే అధికారంతో మన మీద 50 శాతం వేశారు. ఫిబ్రవరి మొదట్లో ఒప్పందం కుదిరి 18కి తగ్గిస్తామనే వరకు ఆ బరువు అలాగే ఉంది. 2023-24లో మన దేశం నుంచి పోయిన రొయ్య 7.16 లక్షల టన్నులు. అందులో దాదాపు 3 లక్షల టన్నులు అమెరికా ఒక్కటే కొంది. ఈ దెబ్బ ఎవరికి తగిలిందో వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఆగస్టు చివర్లోనే మా గుంట పట్టాల్సి వచ్చింది. రొయ్య 50 కౌంట్‌లో ఉంది, అంటే కిలోకి 50 తూగుతాయి; ఇంకొన్నాళ్ళు ఉంచితే పెరిగి 40కి వచ్చేది. కానీ పక్క గుంటలో వైట్ స్పాట్ తెగులు కనపడింది, మా దాంట్లో మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగిలిపోతోంది. అలాంటప్పుడు వాయిదా ఉండదు. కమీషన్ ఏజెంటు మధ్యాహ్నం ఫోనులో ఒక రేటు చెప్పాడు. రాత్రి ఐసు లారీ గట్టు మీదికొచ్చి, వల నీళ్ళలో పడి, సగం సరుకు ట్రేలకెక్కాక దగ్గరికొచ్చి, "ప్లాంటోళ్ళు తగ్గించమన్నారు సార్, అమెరికా టాక్సు" అన్నాడు. ప్లాంటంటే రొయ్యని శుభ్రం చేసి, గడ్డకట్టించి ఎగుమతి చేసే ఫ్యాక్టరీ. కిలోకి 35 రూపాయల కోత. పట్టిన రొయ్యని తిరిగి నీళ్ళలో పోస్తామా? కాటా దగ్గర మళ్ళీ మెత్తవనీ విరిగినవనీ పక్కకి తీసి వాటికి సగం రేటన్నారు. అది ఎప్పుడూ ఉండేదేలెండి, దాన్ని ట్రంప్ ఖాతాలో వెయ్యను. నాలుగు టన్నుల మీద ఆ 35 రూపాయలే లక్షా నలభై వేలయ్యాయి. మేతకి, డీజిలుకి, కరెంటుకి, లీజుకి అమెరికాతో ఏ సంబంధం లేదు కాబట్టి అవి మాత్రం తగ్గలేదు.

తెల్లారేసరికి చేతికి చిట్టీ వచ్చింది. అరచెయ్యంత కాగితం. కౌంటు, కిలోలు, రేటు, కింద ఒక గీత, పొట్టి సంతకం. తేదీ లేదు, ప్లాంటు పేరు లేదు, లారీ నంబరు లేదు. మధ్యాహ్నం చెప్పిన రేటు ఎంతో, రాత్రి ఎంత కోశారో, ఎందుకు కోశారో అసలే లేదు. జీవితమంతా ఎగ్జిబిట్లకి నంబర్లు వేసినవాణ్ణి. ఆ చిట్టీని మున్సిఫ్ కోర్టులో పెడితే ఆఫీసు వాళ్ళే ఆబ్జెక్షన్ రాసి తిప్పి పంపుతారు.

ఇప్పుడు డబ్బు సంగతి. ఆ 1977 చట్టం కింద అమెరికా కస్టమ్స్ వసూలు చేసింది 13 వేల కోట్ల డాలర్లకు పైమాటే. వాపసు అంటూ జరిగితే, కస్టమ్స్ రికార్డులో దిగుమతిదారుగా ఎవరి పేరుందో వాళ్ళకే. కాస్ట్‌కో లాంటి పెద్ద సూపర్ మార్కెట్ కంపెనీ తీర్పుకి ముందే, నవంబరులోనే, మా డబ్బు మాకివ్వండని దావా వేసుకుంది. వాళ్ళు తెలివైనవాళ్ళు. అక్కడి పద్ధతిలో సరుకు దిగినప్పుడు సుంకం అంచనాగా కడతారు, సుమారు 314 రోజులకి లెక్క ముగిస్తారు, ఆ తర్వాత అభ్యంతరం చెప్పడానికి 180 రోజులు గడువు. ఆ లెక్కన 2025 ఆగస్టులో రేవులో దిగిన సరుకు ఖాతాలకి 2026 జూన్, జూలైలే ముగింపు. లాయర్లున్నవాళ్ళు ఇప్పటికే క్యూలో ఉన్నారు.

మనవాళ్ళు తెలుసుకోవాల్సిన అసలు విషయం ఇంకోటుంది. అమెరికా రేవులో సుంకం కట్టేది ఎప్పుడూ అమెరికా వాడే కాదు. మన ఎగుమతిదారుల్లో కొందరు సుంకం తామే కట్టి, సరుకు కొనేవాడి గోడౌనుకి చేర్చే షరతు మీద అమ్ముతారు. కొందరికి అక్కడ సొంత కంపెనీలున్నాయి, రికార్డులో దిగుమతిదారు పేరు ఆ కంపెనీదే. అలాంటివాళ్ళు ఆ సుంకం డబ్బును ముందే మా రేటులో కోసుకున్నారు. రేపు అమెరికా ఖజానా నుంచి అదే డబ్బు వడ్డీతో వస్తే, ఒకే సుంకాన్ని రెండు చోట్ల వసూలు చేసుకున్నట్టు కాదా?

వాళ్ళ వైపు మాట కూడా చెప్పాలి, లేకపోతే ధర్మం కాదు. ఆర్డర్లు రద్దయ్యాయి, కోల్డ్ స్టోరేజీలో సరుకు నిలిచిపోయింది, బ్యాంకు వడ్డీ నడిచింది అంటారు. అందులో నిజముంది. రేటు పడడానికి ఇంకో కారణం ఈక్వడార్. అప్పట్లో వాళ్ళ మీద సుంకం 15 శాతమే, పైగా అమెరికాకి దగ్గర. కొనేవాడు అటే పోతాడు. ఆ 35 రూపాయలూ అచ్చంగా సుంకం వల్లేనని నేను ప్రమాణం చెయ్యలేను. అందులో సగమో, పావో. ఆ లెక్క తేల్చమనే నేనడిగేది.

నేనేదో గొంతెమ్మ కోరిక కోరుతున్నానని అనుకోవద్దు. మన సుప్రీంకోర్టే 1996 డిసెంబరులో దారి చూపించింది. మఫత్‌లాల్ కేసులో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం చెప్పిందేమిటంటే, చట్టవిరుద్ధంగా కట్టించుకున్న సుంకం వాపసు కావాలన్నవాడు ఆ భారాన్ని ఇంకొకరి మీదికి నెట్టలేదని ముందు నిరూపించుకోవాలి. నెట్టి ఉంటే డబ్బు అతనికి కాదు, వినియోగదారుల సంక్షేమ నిధికి పోతుంది. ఎక్సైజు, కస్టమ్స్ చట్టాల్లో ఈ నియమం ఇవాళ్టికీ ఉంది. అక్కడ భారం కొనేవాడి మీద పడింది, ఇక్కడ అమ్మేవాడి మీద పడింది. తేడా అంతే. అమెరికా ఖజానా మన నియమం వినదు, నిజమే. కానీ ఆ డబ్బు మన బ్యాంకుల్లోకి వచ్చాక మాట్లాడాల్సింది మన ప్రభుత్వమే కదా. 265వ అధికరణం గురించి మాట్లాడే మన పెద్ద లాయర్లు ఈ కోణంలో ఎందుకు ఆలోచించరో నాకర్థం కాలేదు.

అదే నెలలో, మఫత్‌లాల్‌కి ఎనిమిది రోజుల ముందు, జగన్నాథ్ కేసు తీర్పు వచ్చింది. మా తీరంలో పెద్దవాళ్ళెవరికీ అది మరుపు రాదు. తీరం వెంబడి రొయ్యల గుంటలు తీసెయ్యమన్న తీర్పు. దాని మీద మాకు ఎన్ని అభ్యంతరాలున్నా ఒక్క విషయం ఒప్పుకోవాలి: గుంటలు మూస్తే పనిపోయే కూలీలకు నష్టపరిహారంతో పాటు ఆరేళ్ళ జీతం ఇవ్వాలని అందులో రాశారు. ఢిల్లీలో కూర్చున్నా గట్టు మీద నిలబడ్డ మనిషి వాళ్ళ కళ్ళకు కనిపించాడు.

పరాయి దేశంలోనూ ఇలాంటిది జరగలేదా అంటే, మన రొయ్య మీదే జరిగింది! అమెరికా తీరంలో రొయ్యలు పట్టేవాళ్ళు 2003 చివర్లో ఫిర్యాదు చేస్తే, 2005 ఫిబ్రవరి నుంచి మన మీద యాంటీ డంపింగ్ సుంకం, అంటే మరీ చవగ్గా తెచ్చి గుమ్మరిస్తున్నారని వేసే సుంకం, పడింది. ఆ రోజుల్లో వాళ్ళకి బర్డ్ సవరణ అని 2000లో చేసిన చట్టం ఒకటుండేది. దాని ప్రకారం వసూలైన యాంటీ డంపింగ్ సుంకాన్ని ఖజానాలో ఉంచుకోకుండా, ఫిర్యాదు చేసిన అమెరికా ఉత్పత్తిదారులకే పంచిపెట్టేవాళ్ళు. ప్రపంచ వాణిజ్య సంస్థ అది తప్పంది, 2006లో ఆ చట్టాన్ని రద్దు చేసుకున్నారు. అయినా 2007 సెప్టెంబరు ఆఖరు దాకా దిగిన సరుకు మీద సుంకాన్ని పంచుకుంటూనే వచ్చారు. లూసియానాలో పడవ నడిపేవాడి ఇంటికి కస్టమ్స్ డబ్బు చేర్చడానికి ఫారాలు, లెక్కలు, గడువులు అన్నీ దొరికాయి. నెల్లూరు రైతు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇదెలా కుదురుతుందండీ అంటారు.

అక్కడి మాటే వచ్చింది కాబట్టి ఇంకోటి. మిసిసిపీ రాష్ట్రంలో బిలాక్సీ అని సముద్రం ఒడ్డు ఊరు. అక్కడ ఒక పేరున్న రెస్టారెంటు ఏళ్ళ తరబడి విదేశాల ఫ్రోజెన్ చేపని మా ఊరి సముద్రంలో పట్టిన తాజా చేప అని చెప్పి వడ్డించింది. 2024లో క్రిమినల్ కేసులో నేరం ఒప్పుకుంది. ఆ చేప వచ్చిన దేశాల జాబితాలో మన దేశం కూడా ఉంది. మన సరుకు చవక, నాసి అని కేసులు వేసే ఊళ్ళలోనే దాన్ని తమ సరుకని చెప్పి ఎక్కువ ధరకి అమ్ముకున్నారన్నమాట. ఈ మాట మా బావమరిదికి చెబితే కాసేపు పడీ పడీ నవ్వాడు.

ఇక సుంకం పీడ విరగడైందని రాసేవాళ్ళకి ఒక మాట. యాంటీ డంపింగ్ అలాగే ఉంది. దాని పైన సబ్సిడీల పేరుతో 2024 డిసెంబరులో వేసిన 5.77 శాతం సుంకమూ ఉంది. వాటి చట్టాలు వేరు, ఈ తీర్పు వాటి జోలికి పోలేదు. తీర్పు వచ్చిన వెంటనే 1974 వాణిజ్య చట్టంలో 122వ సెక్షన్ తీసి ఫిబ్రవరి 24 నుంచి అందరి మీదా 10 శాతం వేశారు. ఆ సెక్షన్ కింద 15 శాతానికి మించకూడదు, 150 రోజులకి మించి ఉండాలంటే కాంగ్రెస్ ఒప్పుకోవాలి. అంటే 2026 జూలై దాకా ఈ కథ. జూలై కోతకి వచ్చే గుంటల్లో సీడ్, అంటే రొయ్య పిల్లలు, వెయ్యాల్సింది మార్చి ఆఖర్లో. ఏ రేటు నమ్ముకుని వెయ్యాలో అన్న టెన్షన్ మాది. ఒప్పందం మాట విన్నాక రేటు కాస్త లేచింది, కాదనను. పడినప్పుడు రాత్రికి రాత్రే పడింది. లేచేటప్పుడు మాత్రం ప్లాంటు వాళ్ళకి ఆలోచన ఎక్కువ.

అందుకని నేనడిగేవి పెద్దవేం కావు. సుంకం వాపసు కోసం అమెరికాలో ఎవరెవరు క్లెయిము వేశారో, ఎంతకి వేశారో మన రాష్ట్ర ఎగుమతిదారులు ప్రభుత్వానికి రాతపూర్వకంగా చెప్పాలి. 2020లో ఆక్వా డెవలప్‌మెంట్ అథారిటీకి ప్రత్యేకంగా చట్టమే చేసుకున్నాం కదా, ఆ అథారిటీ అడగొచ్చు. 2025 ఏప్రిల్ నుంచి ప్లాంట్లు ఏ రోజు ఏ కౌంటుకి ఎంత రేటు ఇచ్చాయో వాళ్ళ కొనుగోలు పుస్తకాల్లో ఉంటుంది. మా చిట్టీలకి తేదీలు లేకపోయినా ఆ పుస్తకాలకి ఉంటాయి. క్లెయిము తేదీలు, కొనుగోలు తేదీలు పక్కపక్కన పెడితే కోత ఎంతో దాదాపుగా తేలుతుంది. వాపసు వచ్చిన డబ్బులో ఆ మేరకు ఒక వాటా రైతులకి, కనీసం కరెంటు బిల్లుల్లోనో మేత ధరలోనో సర్దుబాటు చేసేలా ఒప్పించాలి. ఎగుమతిదారుకి ఒక్క పైసా వాపసు రాకపోతే మేమూ అడగం.

తోటి రైతులకి కూడా ఒకటి చెప్పదలుచుకున్నాను. చిట్టీ మీద తేదీ, ప్లాంటు పేరు, లారీ నంబరు రాయించుకోండి. ఏజెంటు రాయనంటే అక్కడే సెల్లులో ఫోటో తీసి, మధ్యాహ్నం చెప్పిన రేటు, రాత్రి ఇచ్చిన రేటు రెండూ వాట్సాప్‌లో అతనికే మెసేజ్ పెట్టండి. అతను జవాబివ్వకపోయినా పర్లేదు, తేదీ దానంతటదే పడుతుంది. వాట్సాప్ మెసేజ్‌ని కోర్టులో ఎలా దాఖలు చెయ్యాలో, ఏ సర్టిఫికెట్ జత చెయ్యాలో కావాలంటే నేను చెబుతాను.

మీ పత్రికకి నా విన్నపం ఒకటే. రోజూ బంగారం ధర వేసే చోట 30, 40, 50, 100 కౌంట్ల గట్టు ధర కూడా వెయ్యండి. ప్లాంటు చెప్పే రేటు కాదు, రైతు చేతికొచ్చిన రేటు. విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, అల్లూరు మండలాల నుంచి రోజుకి నలుగురు రైతులకి ఫోను చేస్తే చాలు. మా మండలం నుంచి ఆ ఫోను ఎత్తడానికి నేను సిద్ధం.

ఇట్లు,
ఒక రొయ్యల రైతు, విశ్రాంత కోర్టు ఉద్యోగి
విడవలూరు మండలం, నెల్లూరు జిల్లా
(ఏజెంట్లతో మళ్ళీ పనిపడుతుంది కాబట్టి పేరు వెయ్యొద్దని మనవి.)